లెక్క కలవని ఫోల్డరు

(కోనసీమ ఊళ్లలో ఇంటింటి పాత ఫొటోలను స్కాన్ చేసి క్లౌడ్‌లో భద్రపరిచే పనికి ముందుకొచ్చిన విద్యార్థులు, ఉపాధ్యాయులు, స్టూడియోవారి కోసం అమలాపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

ముందుగా మీ దగ్గరున్న రిజిస్టరు గురించి మాట్లాడతాను. ఏ ఇంటి నుంచి ఏ ఆల్బమ్ వచ్చింది, అందులో ఎన్ని ఫొటోలున్నాయి, ఎన్ని స్కాన్ చేశాం, ఆల్బమ్ తిరిగి ఎవరి చేతికి ఇచ్చాం అన్నవన్నీ అందులో రాస్తున్నారు. ఒక ఇంటి పేరు ఎదురుగా 240 అని ఉందనుకోండి. ఫోల్డరు మొత్తం క్లౌడ్‌లోకి ఎక్కించాక అక్కడ చూస్తే 482 ఫైళ్లు అని కనిపిస్తుంది. మనం పెట్టినవి 240. మిగతా 242 ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ ప్రశ్న దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా కంగారు పడుతుంటారు. వైరస్ వచ్చిందని టెన్షన్ పడి ఫోల్డరంతా తీసేసేవాళ్లు కొందరు. అన్నీ రెండుసార్లు ఎక్కాయేమో అనుకుని చేతికందిన సగాన్ని చెరిపేసేవాళ్లు ఇంకొందరు. రెండిట్లోనూ పోయేది ఫొటోలే. అందుకే ఈ పూట ఈ ఒక్క విషయం మీదే మాట్లాడతానని ఒప్పుకుని వచ్చాను.

ఈ పని ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాల్లో పెట్టెలకు పెట్టెలే తడిసిపోయాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఇళ్ల కప్పులు లేచిపోతే గోడకు తగిలించిన పటాలు ఎక్కడ పడ్డాయో ఎవరికి తెలుసు? అంతర్వేది నరసింహస్వామి పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. ఇప్పుడు ఆ రథాన్ని చూడాలంటే తీర్థానికి వెళ్లినప్పుడు ఎవరో తీసుకున్న ఫొటోల్లోనే చూడాలి. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పాతికేళ్ల కిందట ఏ ప్రభను ఎలా కట్టారో చెప్పేవీ ఈ ఆల్బమ్‌లే. ఇంటివాళ్లు వాటిని మనల్ని నమ్మి ఇస్తున్నారు. రిజిస్టరులో ఒక లెక్క, క్లౌడ్‌లో ఇంకో లెక్క ఉంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు మన దగ్గర జవాబుండదు.

సరే, ఆ అదనపు ఫైళ్లు ఏమిటో చూద్దాం.

ఇల్లు కట్టే మేస్త్రీ గోడ మీద పెన్సిల్‌తో తన గీతలు గీసుకుంటాడు. ఎక్కడ స్విచ్చి బోర్డు రావాలి, ఎక్కడ అలమరా రావాలి అని. అవి అతని పని కోసం. కంప్యూటరు కూడా మీ ఫోల్డరులో అలాగే తన గుర్తులు తను రాసుకుంటుంది. యాపిల్ మ్యాక్‌లో ఫైండర్‌తో, అంటే ఫోల్డర్లు చూపించే ప్రోగ్రాముతో, ఫోల్డరు తెరవగానే దాదాపు ప్రతిసారీ డాట్ డీఎస్ అండర్‌స్కోర్ స్టోర్ (.DS_Store) అనే ఫైలు పుడుతుంది. స్పెల్లింగులన్నీ బోర్డు మీద రాశాను, చూసి రాసుకోండి. డీఎస్ అంటే డెస్క్‌టాప్ సర్వీసెస్. ఏ ఐకాన్ ఎక్కడుంది, కిటికీ ఎంత సైజులో తెరుచుకోవాలి, జాబితాగా చూపాలా బొమ్మలుగా చూపాలా అన్న వివరాలు అందులో ఉంటాయి. సామాన్యంగా 6 కేబీ దగ్గర ఉంటుంది. విండోస్‌లో ఇలాంటి పనికే డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ (desktop.ini) అనే ఫైలు ఉంది. ఫోల్డరుకి ప్రత్యేకమైన ఐకాన్ పెట్టినా, కొన్ని సిస్టమ్ ఫోల్డర్ల పేర్లు వేరేగా చూపించాలన్నా ఆ సంగతి అందులో రాసి ఉంటుంది.

ఇవి ఎప్పుడూ మన ఫోల్డర్లలోనే ఉన్నాయి. మనకు కనబడకుండా ఉన్నాయి, అంతే. మరి క్లౌడ్‌లో ఎందుకు కనబడుతున్నాయి? ఇక్కడ కాస్త ఆగాలండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా మీకు మీరే తేల్చుకోగలరు.

దాచడం అనేది ఫైలు చేసే పని కాదు. మనకు జాబితా చూపించే ప్రోగ్రాము చేసే పని. యునిక్స్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఫైలు పేరు చుక్కతో మొదలైతే దాన్ని చూపించకూడదని ఒక ఆనవాయితీ. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ 2012లో దీని పుట్టుక గురించి రాశారు. ప్రతి ఫోల్డరులోనూ ఆ ఫోల్డరునే సూచించే ఒక చుక్క, పై ఫోల్డరును సూచించే రెండు చుక్కలు ఉంటాయి. జాబితాలో ఆ రెండూ రాకూడదని, పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలేయమని ప్రోగ్రాములో రాశారట. ఆ రెండు పేర్లనే సరిగ్గా పోల్చి చూడాల్సింది పోయి మొదటి అక్షరంతో సరిపెట్టారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ కనబడకుండా పోయింది. తర్వాత అందరూ తమ సెట్టింగుల ఫైళ్లను అక్కడ దాచుకోవడం మొదలుపెట్టారు. విండోస్‌లో పద్ధతి వేరు. అక్కడ పేరుతో సంబంధం లేదు, ఫైలుకి హిడెన్ అనో సిస్టమ్ అనో ఒక గుర్తు తగిలిస్తారు. ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ ఆ గుర్తు చూసి పక్కన పెడుతుంది.

ఇప్పుడు మీరు బ్రౌజరులోకి ఫోల్డరుని లాగి వదిలారు. బ్రౌజరు ఆ ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నిటినీ వరసపెట్టి అందిస్తుంది. అవతల ఉన్న క్లౌడ్‌కి మీ మ్యాక్ ఆనవాయితీతో పని లేదు, మీ విండోస్ పెట్టిన గుర్తు అక్కడిదాకా వెళ్లదు కూడా. అది తనకొచ్చిన ఫైలుని ఫైలుగానే చూపిస్తుంది. అంటే క్లౌడ్ కొత్తగా తెచ్చిపెట్టింది ఏమీ లేదు, మన దగ్గర ఉన్నదే బయటపడింది.

అయితే అన్ని సేవలూ ఒకేలా ప్రవర్తించవు. డ్రాప్‌బాక్స్ డెస్క్‌టాప్ యాప్ డీఎస్ స్టోర్‌ని, డెస్క్‌టాప్ ఐఎన్‌ఐని, థంబ్స్ డీబీని (దీని సంగతి తర్వాత చెబుతాను) తనంతట తనే వదిలేస్తుంది. వన్‌డ్రైవ్‌లో డెస్క్‌టాప్ ఐఎన్‌ఐ అనే పేరు, టిల్డా డాలరుతో (~$) మొదలయ్యే పేర్లు చెల్లవు. గూగుల్ డ్రైవ్‌లోకి ఫోల్డరు ఎక్కించాక ఇలాంటివి కనబడుతున్నాయని చాలామంది వాపోతుంటారు. కాబట్టి ఒకచోట శుభ్రంగా వచ్చింది కదా అని ఇంకోచోట కూడా అలాగే వస్తుందని అనుకోవద్దు.

ఇక మన 242 దగ్గరికి వద్దాం. ఒక్క ఫోల్డరులో డీఎస్ స్టోర్ ఒక్కటే ఉంటుంది. మరి అన్నెలా వచ్చాయి?

దీనికి కారణం పెన్ డ్రైవ్. మనలో ఎక్కువమంది విండోస్ వాడతారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో పనిచేసే పిల్లలు సంక్రాంతికి మ్యాక్‌బుక్‌తో వచ్చి, తామూ సాయం చేస్తామని పాత ఫొటోలు స్కాన్ చేసి పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తారు. మంచిదే. మ్యాక్‌కి ప్రతి ఫైలు వెనకా కొంత అదనపు సమాచారం ఉంటుంది. ఎక్కడి నుంచి దిగింది, దానికి ఏ రంగు ట్యాగ్ పెట్టారు వగైరా. మ్యాక్ సొంత డిస్కులో దాన్ని దాచుకోవడానికి చోటుంది. మన పెన్ డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, వాటిలో ఆ చోటు లేదు. అందుకని మ్యాక్ ఆ సమాచారాన్ని ఇంకో చిన్న ఫైలుగా రాసి పక్కన పెడుతుంది. దాని పేరు అసలు ఫైలు పేరే, ముందు చుక్క, అండర్‌స్కోర్ (._) చేరతాయి. ఈ పద్ధతిని యాపిల్‌డబుల్ అంటారు. ఒక్కో ఫొటోకి ఒకటి చొప్పున 240, డీఎస్ స్టోర్ ఒకటి, ఆ డీఎస్ స్టోర్‌కి మళ్లీ ఒక చుక్క అండర్‌స్కోర్ జత. కలిపితే 242.

వీటితో అసలు ప్రమాదం ఎక్కడుందంటే, పేరు చివర జేపీజీ అనే ఉంటుంది. చూడ్డానికి ఫొటోలాగే ఉంటుంది. తెరిస్తే తెరుచుకోదు. ఇంటివాళ్లకి లింకు పంపిస్తే వాళ్లు మొదట దాన్నే నొక్కుతారు, ఎందుకంటే చుక్కతో మొదలైన పేరు జాబితాలో పైకి చేరుతుంది. "అయ్యో, మా నాన్నగారి ఫొటో పాడైపోయిందండీ" అని ఫోన్ చేస్తారు. ఫొటో పాడవలేదు, దాని కిందే భద్రంగా ఉంది. కానీ ఆ క్షణంలో ఆ పెద్దావిడ పడే బాధ నిజం కదా. ఆ బాధ కలగకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

గుర్తుపట్టడం తేలికే. ఫైళ్లను సైజు ప్రకారం వరసలో పెట్టండి. మనం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేసిన ఫొటో ఎంబీల్లో ఉంటుంది. ఈ జత ఫైళ్లు సాధారణంగా 4 కేబీ. అన్నీ ఒకేచోట గుంపుగా కనబడతాయి. మ్యాక్ ఉన్నవాళ్లయితే టెర్మినల్‌లో డాట్ క్లీన్ (dot_clean) అనే కమాండ్‌తో వాటిని తీసేయవచ్చు, బోర్డు మీద రెండో వరసలో ఉంది. మ్యాక్‌లో చేసిన జిప్ ఫైలుని విండోస్‌లో విప్పితే మాక్ ఓఎస్‌ఎక్స్ (__MACOSX) అనే పేరుతో ఇంకో ఫోల్డరు వస్తుంది చూశారా, అందులో ఉండేవి కూడా ఇవే.

పెన్ డ్రైవ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్, రీసైకిల్ బిన్, మ్యాక్ పెట్టే డాట్ ట్రాషెస్, డాట్ స్పాట్‌లైట్ ఇవన్నీ డ్రైవ్ మొదట్లోనే ఉంటాయి. డ్రైవ్ మొత్తాన్ని ఎక్కించకుండా లోపలున్న మన ఫోల్డరుని మాత్రమే ఎక్కిస్తే వీటి గొడవే ఉండదు. కానీ పెన్ డ్రైవ్‌లో మీ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనబడితే, అది మాత్రం నిజంగా వైరసే. జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో తిరిగే డ్రైవ్‌లలో ఇది చాలాకాలంగా ఉంది. అసలు ఫోల్డర్లకు హిడెన్ గుర్తు తగిలించి, వాటి పేర్లతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కకండి, ఫార్మాట్ చేయకండి. ఫొటోలు లోపలే ఉంటాయి. యాంటీవైరస్‌తో స్కాన్ చేశాక దాచిన ఫైళ్లు చూపించమంటే బయటికొస్తాయి.

ఇప్పుడు థంబ్స్ డాట్ డీబీ (Thumbs.db). స్టూడియోవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో పెళ్లి ఫొటోలు సీడీలో వేసి ఇచ్చేవారు కదా. ఆ సీడీలు చాలావాటిలో ఈ ఫైలు ఉంటుంది. ఫోల్డరుని థంబ్‌నెయిల్స్‌గా చూసినప్పుడు విండోస్ ప్రతి ఫొటోకీ ఒక చిన్న బొమ్మ చేసి ఇందులో దాచేది. విస్టా నుంచి ఆ చిన్న బొమ్మలు యూజర్ ఫోల్డరులో ఒకేచోటికి మారాయి, నెట్‌వర్క్ ఫోల్డర్లలో మాత్రం ఇది ఇంకా పుడుతుంటుంది. దీని గుణం ఏమిటంటే, అసలు ఫొటో తీసేసినా చిన్న బొమ్మ లోపల మిగిలిపోవచ్చు. నేర పరిశోధనలో దీన్ని ఆధారంగా వాడేది అందుకే. ఒక ఇంటివాళ్లు "ఈ ఒక్క ఫొటో మాత్రం బయట పెట్టకండి" అన్నారనుకోండి. మీరు ఆ ఫొటో తీసేశారు. కానీ థంబ్స్ డీబీ అలాగే పైకి వెళ్లిపోయింది. మాట తప్పినట్టే కదండీ. అందుకని దీన్ని పంపకండి.

(సభలో ఒక అమ్మాయి: "మాస్టారూ, మేం కొన్ని ఫొటోలు ఫోన్‌తోనే తీస్తున్నాం. ఫోన్‌లో కూడా ఇలాంటివి ఉంటాయాండీ?")

ఉంటాయమ్మా. ఫోన్‌లోది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో గ్యాలరీలో ఫొటో డిలీట్ చేస్తే అది వెంటనే పోదు. 30 రోజులపాటు ట్రాష్‌లో ఉంటుంది. ఆ ట్రాష్ వేరే ఎక్కడో లేదు. అదే ఫోల్డరులో ఉన్న ఫైలుకే ముందు డాట్ ట్రాష్డ్ (.trashed) అని, ఒక పెద్ద అంకె చేర్చి పేరు మారుస్తుంది. ఆ అంకె అది ఎప్పుడు శాశ్వతంగా పోవాలో చెప్పే సమయం. కేబుల్ పెట్టి కెమెరా ఫోల్డరుని కంప్యూటరులోకి లాగితే మీరు తీసేశాననుకున్న ఫొటోలు కూడా ఈ పేర్లతో వచ్చేస్తాయి. మసకగా వచ్చిందని తీసేసినది అయితే పర్లేదు. మీ సొంత ఫొటో అయితే? కాబట్టి కాపీ చేసేముందు ట్రాష్ ఖాళీ చేయండి, లేదా కావలసిన ఫొటోలనే ఎంచుకుని పంపండి. డాట్ నోమీడియా అని ఇంకో ఫైలు ఉంటుంది, అది ఖాళీ ఫైలు. ఈ ఫోల్డరుని గ్యాలరీలో చూపించవద్దని చెప్పడానికి మాత్రమే ఉంటుంది.

ఇంతవరకూ విన్నాక మీకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. దాచిన ఫైళ్లన్నీ ఒక్కసారిగా ఎంచుకుని తీసేస్తే సరిపోతుంది కదా అని. అలా చేయకండి, దయచేసి. నేను ఈ ఊరు వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

ఫొటోలు చూసుకుని సరిదిద్దుకునే పికాసా ప్రోగ్రాము గుర్తుందా? గూగుల్ 2016లో ఆపేసింది. అంతకుముందు ఫొటోలంటే పికాసానే. స్టూడియోల్లోనూ, అమెరికాలో పిల్లలున్న ఇళ్లలోనూ అదే ఉండేది. పికాసాలో ఫొటోకి రంగులు సరిచేసి సేవ్ చేస్తే, మార్చకముందున్న అసలు ఫొటోని అదే ఫోల్డరులో డాట్ పికాసాఒరిజినల్స్ (.picasaoriginals) అనే ఫోల్డరులో దాచేది. చుక్కతో మొదలయ్యే పేరు, పైగా హిడెన్. మీరు "దాచినవన్నీ చెత్తే" అనుకుని తీసేస్తే పోయేది అసలు ఫొటో. మిగిలేది ఎవరో ఎర్రగా పచ్చగా మార్చిన కాపీ. దాని పక్కనే డాట్ పికాసా డాట్ ఐఎన్‌ఐ (.picasa.ini) అని ఇంకోటి ఉంటుంది. పికాసాలో మొహాలకు పేర్లు పెట్టుకునే సదుపాయం ఉండేది. ఏ ఫొటోలో ఏ మొహం ఎవరిదో ఆ ఫైలులో రాసి ఉండవచ్చు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఫొటోలో వెనక వరసలో నిలబడినాయన ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అలాంటప్పుడు ఎవరో ఓపిగ్గా పెట్టిన పేర్లను చెత్త అని పారేస్తామా?

మ్యాక్‌లో కూడా ఇలాంటి మెలిక ఒకటుంది. ఫైలు మీద గెట్ ఇన్ఫో నొక్కితే కామెంట్స్ అని ఒక గడి వస్తుంది. కొంతమంది పిల్లలు అందులో "ముక్తేశ్వరం రేవు, తాతయ్య, పడవ దిగుతూ" అని వివరం రాసేస్తారు. చాలా అందంగా ఉంటుంది. కానీ ఆ వివరం ఫొటోలో ఉండదు. డీఎస్ స్టోర్‌లోనూ, పెన్ డ్రైవ్‌లో అయితే ఆ చుక్క అండర్‌స్కోర్ జత ఫైలులోనూ ఉంటుంది. తీసేస్తే రాసిందంతా పోతుంది. తీసేయకుండా పంపినా క్లౌడ్‌లో చూసేవాళ్లెవరికీ కనబడదు. అందుకని వివరాలు ఎప్పుడూ రిజిస్టరు షీట్‌లోనే రాయండి. ఇప్పటికే కామెంట్స్‌లో రాసినవాళ్లుంటే, ముందు వాటిని షీట్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే శుభ్రం చేయండి.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకుందాం. ఇంటి నుంచి వచ్చిన పెన్ డ్రైవ్‌నో సీడీనో ముట్టుకోవద్దు. దాని నకలు ఒకటి కంప్యూటరులో పెట్టండి. దాచిన ఫైళ్లు చూపించమని చెప్పండి. విండోస్ 11లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కాలి. లైనక్స్‌లో కంట్రోల్ హెచ్. విండోస్‌లో సిస్టమ్ ఫైళ్లకు ఇంకో అడ్డు ఉంది, ఫోల్డర్ ఆప్షన్స్‌లో రక్షిత ఫైళ్లను దాచమనే టిక్ కూడా తీయాలి. పని అయ్యాక మళ్లీ పెట్టేయండి. ఇప్పుడు కనబడినవాటిలో తీసేయాల్సినవిగా బోర్డు మీద రాసిన పేర్లు, అంటే డీఎస్ స్టోర్, చుక్క అండర్‌స్కోర్ జత ఫైళ్లు, డెస్క్‌టాప్ ఐఎన్‌ఐ, థంబ్స్ డీబీ మాత్రమే తీయండి. ఆ జాబితాలో లేని పేరు కనబడితే ఆగి అడగండి. దాచిన ఫైళ్లు చూపించే సెట్టింగు మార్చుకున్న కంప్యూటరులోనే ఎక్కించాలి. మ్యాక్‌లో అయితే శుభ్రం చేశాక ఫోల్డరుని మళ్లీ తెరిచి చూడకండి, తెరిస్తే డీఎస్ స్టోర్ మళ్లీ పుడుతుంది. నేరుగా బ్రౌజరులోకి లాగేయండి. అన్నట్టు, రిజిస్టరు ఎక్సెల్‌లో తెరిచి ఉండగా ఎక్కించకండి. తెరిచి ఉన్నంతసేపూ టిల్డా డాలరుతో మొదలయ్యే ఒక ఫైలు పక్కన ఉంటుంది, అందులో తెరిచినవాళ్ల పేరు కూడా ఉంటుంది.

ఎక్కించాక లెక్క చూడండి. 240కి 240. ఒకటి ఎక్కువైనా వెతకండి, ఒకటి తక్కువైనా వెతకండి.

ఈ లెక్క పట్టింపు నేను కల్పించింది కాదండి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ కలిసి బ్యాగిట్ అనే పద్ధతి తయారుచేశాయి. 2018లో అది ఆర్‌ఎఫ్‌సీ 8493 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. అందులో ఫొటోలన్నీ డేటా అనే ఫోల్డరులో పెడతారు. బయట ఒక జాబితాలో ప్రతి ఫైలు పేరూ, దాని చెక్‌సమ్ రాస్తారు. చెక్‌సమ్ అంటే ఫైలులోని ప్రతి బిట్‌నీ లెక్కలోకి తీసుకుని తీసిన ఒక పొడుగాటి అంకె. ఫైలులో ఏ చిన్న మార్పు వచ్చినా అది మారిపోతుంది. ఈ మొత్తాన్ని కలిపి సంచి (బ్యాగ్) అంటారు. జాబితాలో లేని ఫైలు ఒక్కటి డేటా ఫోల్డరులోకి వచ్చినా ఆ సంచి చెల్లదు. ఎవరో మ్యాక్‌లో ఊరికే తెరిచి చూసినందుకు పుట్టిన డీఎస్ స్టోర్ వల్ల సంచులు చెల్లకుండా పోవడం గ్రంథాలయాలవాళ్లకి బాగా తెలిసిన తలనొప్పి. మనం ఇప్పుడే అంత దూరం వెళ్లక్కర్లేదు. కానీ రేపు మన సేకరణని ఏ విశ్వవిద్యాలయమో తీసుకుంటానంటే, అప్పుడు కూర్చుని వేల ఫైళ్లు ఏరడం కంటే ఇప్పుడు ఒక్కో ఇంటి ఫోల్డరుని శుభ్రంగా పెట్టుకోవడం చాలా తేలిక.

(ఒక ఉపాధ్యాయుడు: "ఇప్పటికే ఎక్కించేసినవాటి సంగతేమిటండీ?")

క్లౌడ్‌లోనే వెతికే గడిలో ఈ పేర్లు కొట్టి చూడండి మాస్టారూ. దొరికినవి క్లౌడ్‌లోనే తీసేయవచ్చు. కానీ కంప్యూటరుకీ క్లౌడ్‌కీ మధ్య సింక్ యాప్ నడుస్తుంటే, అక్కడ తీసింది ఇక్కడా పోతుంది, ఇక్కడ పుట్టింది అక్కడికీ వెళ్తుంది. అందుకని ముందు సింక్ ఆపండి. పికాసా ఫోల్డర్లు తగిలితే వాటిని తీయకుండా పేరు మార్చి విడిగా పెట్టండి, ఆ ఇంటివాళ్లతో కూర్చుని చూద్దాం.

పక్క గదిలో విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఒక మ్యాక్ పెట్టారు. మీరు తెచ్చిన పెన్ డ్రైవ్‌లు తీసుకుని రండి. మొదట నకలు తీయడం, తర్వాత దాచినవి చూపించడం అక్కడే చేద్దాం. రిజిస్టర్లు మర్చిపోకండి, లెక్క వాటితోనే సరిచూడాలి.